మా యింటి పాత కంప్యూటరు



అటకమీద గుడ్డ కప్పి యుంచిన పాత కంప్యూటరు లేని యిల్లు మా వీధిలో నరుదు. అది చెడినదని యెవరో చెప్పిరి, క్రొత్తది వచ్చినది, పాతదానిని మరచితిమి. దానిలో నేమేమి దాచితిమో పలువురకు జ్ఞాపకముండదు. మా యింటి దానిలో నేమున్నదో నాకు బాగుగా తెలియును. కావుననే దానిని పాతసామానుల వానికి తూచి యిచ్చుటకు నేనొప్పుకొనలేదు.

నాకు కావ్యములు చెప్పినది బడి కాదు, మా నాయనగారు. వారు తెలుగు పండితులుగా నుద్యోగము చేసి విరమించిన పిమ్మట, 2006వ సంవత్సరమున నీ యంత్రమును కొని, తిక్కన సోమయాజి విరాటపర్వమునకు ప్రతిపదార్థ తాత్పర్యములు తామే టైపు చేయనారంభించిరి. రెండు వ్రేళ్లతో టైపు చేయువారు. అయిదాశ్వాసములలో నాలుగు ముగించి 2013లో స్వర్గస్థులైరి. సీడీలలో దాచిన ప్రతులు గీతలుపడి పాడైపోయినవి.

లోపలి హార్డ్‌డిస్కును విప్పి వేరొక యంత్రమునకు తగిలించిన చాలదా యని మీరడుగవచ్చును. ఫైళ్లు వచ్చును గాని యవి చదువ వీలుగాదు. ఆనాటి అచ్చుపని ఫాంటులు ఇంగ్లీషు అక్షరముల స్థానములలో తెలుగు రూపములను కూర్చుండబెట్టినవి. ఆ ఫాంటు లేనిచోట ద్రౌపది పలుకులన్నియు కొక్కిరి గుర్తులై కనబడును. యూనికోడ్ ప్రమాణమున తెలుగునకు 128 గడుల సొంత స్థానము 1991లోనే యేర్పడినను, అచ్చుపనివారు చాలకాలము పాత పద్ధతినే వాడిరి. ఫాంటును ప్రతి తీసికొన్నను, ఆ పుటలు కూర్చిన పేజ్‌మేకర్ క్రొత్త యంత్రములలో సరిగా నడువదు. ఆ పుటలు నాయనగారు దిద్దినట్లే చూడవలెనన్న, ఆ పెట్టెయే నడువవలెను.

గత వేసవి రోహిణీకార్తెలో నది మొండికెత్తెను. పెట్టిన పదినిమిషములకు తెరమీది బొమ్మ కదలక నిలిచిపోవును. ఆటోలో వేసికొని పట్టణములోని యొక దుకాణమునకు కొనిపోతిమి. అచటి కుఱ్ఱవాడు మూత తీయకయే, “బోర్డు పోయిందండీ, కొత్తది కొనుక్కోండి” అనెను. నాకు నమ్మకము కుదురలేదు. అరగంట విశ్రాంతి యిచ్చిన మరల పదినిమిషములు నడచుచున్నది గదా! తెల్లవారుజామున చల్లగా నున్నపుడు పదునైదు నిమిషములు నడచును. నిజముగా పోయిన వస్తువు చల్లారినంతనే లేచి కూర్చుండునా? ఇది వేడికి సంబంధించిన వ్యాధియని నాకు తోచెను.

మా వారు ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రము బోధించువారు. “విప్పుట సులువే, మరల బిగించుటయే కష్టము” అనుచునే టార్చిలైటు పట్టుకొనిరి. కరెంటు తీగ పూర్తిగా పీకివేసి, లోపల మిగిలిన విద్యుత్తు పోవుటకు స్విచ్చి నొకసారి నొక్కి, పెట్టె యినుమును చేతితో తాకి (మన వంటి మీది స్థిరవిద్యుత్తు ఆ సున్నితపు భాగములకు చేటు) మూత తీసితిని. ఇచట నొక మాట. తీగలు వచ్చు పవర్ సప్లై అను రేకు డబ్బాను మాత్ర మెన్నడును విప్పరాదు. కరెంటు తీసిన తరువాత కూడ నందులో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచియుండవచ్చును.

అందున్న పెద్దపలకను మదర్‌బోర్డందురు. అన్నిటి బరువును మోయునది గనుక తల్లిపేరు పెట్టినవాడు తెలిసినవాడే! దానిమీద ప్రాసెసరునకు ప్రక్కన నార్త్‌బ్రిడ్జ్ అను మరియొక చిప్పు గలదు. ప్రాసెసరునకును మెమొరీకిని నడుమ రాయబారము నడపునది యిదియే. నేటి యంత్రములలో నీ పని ప్రాసెసరులోనే కలిసిపోయినది. ఆ చిప్పు వేడిని లాగి గాలిలో విడుచుటకు దానిమీద దువ్వెన పండ్లవంటి రెక్కలుగల అల్యూమినియపు దిమ్మ యుండును. దానినే హీట్‌సింకందురు. తాకి చూచితిని. ఎండలో, పదినిమిషములు నడచి నిలిచిపోయిన యంత్రములో, ఆ దిమ్మ చల్లగా నున్నది!

అదియే గుట్టు. వేడెక్కవలసినది చల్లగా నున్నదన్న, వేడి దానికి చేరుటలేదన్నమాట. సొట్టపోయిన గిన్నెను కరెంటు పొయ్యిపై పెట్టి చూడుడు. పొయ్యి ఎఱ్ఱనగును, ఎసరు కాగదు. నడుమ నున్న గాలి వేడిని పోనీయదు. అల్యూమినియము గాలికంటె కొన్నివేల రెట్లు సులువుగా వేడిని ప్రసరింపజేయునని మా వారు చెప్పిరి. వ్రేలితో కదిపితిని, దిమ్మ పంటివలె కదలెను. దానిని పట్టియుంచు తీగ క్లిప్పు రెండు చిన్న కొక్కెములకు తగిలియుండును. అందొకటి సోల్డరుతో సహా బోర్డునుండి ఊడివచ్చినది. ఏండ్ల తరబడి వేడెక్కి చల్లారుచు, స్ప్రింగు లాగుడునకు లోనగుచు నుండిన యతుకు వదలిపోయెను. అది పూర్తిగా జారి నడచుచున్న బోర్డుమీద పడినచో షార్టు సర్క్యూటై నిజముగానే బోర్డు పోయియుండును.

మా వీధి చివర నొక పెద్దాయన రేడియోలు, టీవీలు బాగుచేయుచు, నిప్పుడు మిక్సీలతో కాలము గడుపుచున్నారు. బాబాయిగారని పిలుతుము. బోర్డును చూచి, “అమ్మాయీ, జిగురుతో అంటించకు. మామూలు జిగురు వేడికి ఆగదు, వేడిని పోనివ్వదు” అనిరి. తీగలన్నిటికిని ఫోనుతో ఫోటోలు తీసి యుంచుకొని, స్క్రూలు విప్పి బోర్డును వెలికి తీసితిమి. వారు 60 వాట్ల సోల్డరింగ్ ఐరన్ తెచ్చిరి. చిన్నదైనచో బోర్డులోని రాగియే వేడినంతయు త్రాగివేయునట! రంధ్రములోని పాత సోల్డరును తీసివేసి, కొక్కెపు కాళ్లను బోర్డు వెనుక కొంచెము వంచి, పిదప అతికిరి. అతుకు మెత్తబడినను కొక్కెము పైకి రాకుండుటకే యా వంపు. ఆ పొగ పీల్చరాదని పిల్లలను బయటికి పంపి కిటికీలు తెరచితిమి.

చిప్పును శుభ్రపరచుట నా వంతు. పాత పూత సుద్దవలె గట్టిపడినది. చాకు తగిలిన చిప్పు గీచుకొనును గనుక, పాత ప్లాస్టికు కార్డు అంచుతో మెల్లగా లేపి, ఐసోప్రొపైల్ ఆల్కహాలులో తడిపిన దూదితో రెండువైపులను మెఱయువరకు తుడిచితిని. తరువాత థర్మల్ పేస్టు కందిగింజంత మాత్రమే పెట్టితిని. బొట్టుకాటుకల విషయమున వలె నిందును నెక్కువ శోభ గాదు. ఆ పేస్టు గాలికంటె మేలేగాని లోహమునకు సాటిరాదు. కంటికి కనబడని గుంటలు పూడ్చుటయే దాని పని. మందమైన నదియే యడ్డు. దిమ్మ నొక మూల మాత్రము అదిమిన చిప్పు అంచు పగులవచ్చును గనుక, నిటారుగా దించి క్లిప్పు తగిలించితిమి.

ఫోటోలు చూచి తీగలు బిగించుటకు గంటన్నర పట్టినది. స్విచ్చి నొక్కితిని. పది నిమిషములు, ఇరువది నిమిషములు, రెండు గంటలు గడచినను తెర నిలిచిపోలేదు. ఆపి దిమ్మను తాకితిని. వెచ్చగా నుండెను. వస్తువు వేడెక్కినందుకు నేనింతగా సంతోషించుట అదియే ప్రథమము!

విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8 తరువాత రక్షణ మార్పులు నిలిచిపోయినవి గనుక, దానికి ఇంటర్నెట్టు తగిలింపను. మధ్యాహ్నము వంటపని ముగిసిన పిదప నొక గంట దాని ముందు కూర్చుండి, పుటలను పీడీఎఫ్‌లుగా చేసి పెన్‌డ్రైవున కెక్కించి, వానిని చూచి యూనికోడులో మరల టైపు చేయుచున్నాను. మా అమ్మాయి అచ్చుతప్పులు చూచుచున్నది. రెండాశ్వాసములు ముగిసినవి. అయిదవ యాశ్వాసమునకు నాయనగారు వ్రాసినది కఠినపదముల పట్టిక మాత్రమే. కొన్నిటికి అర్థముండవలసిన చోటు ఖాళీగా నున్నది. నిఘంటువులు దించి దుమ్ము దులిపితిని.