మా ఊరి పిండిమర మీద ఆరు పేజీల పేపర్

నేను ఈఈఈ మూడో సంవత్సరం, హాస్టల్లో ఉంటున్నా. మాది చింతూరు అవతల కోయ ఊరు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదట. పవర్ ఎలక్ట్రానిక్స్, మోటార్ కంట్రోల్ కాన్ఫరెన్స్‌కి మేం పంపిన పేపర్ ఓకే అయిందని మొన్న గ్రూపులో పెడితే చాలామంది ఒకటే అడిగారు: "బీటెక్ పిల్లలు కూడా పంపొచ్చా? ఎలా పంపాలి?" ఒక్కొక్కరికీ చెప్పే బదులు ఇక్కడే రాస్తున్నా. పెద్ద పోస్టు, తీరిగ్గా చదవండి.

ముందు ఆ మాటకి జవాబు. పంపొచ్చు. పేపర్ పంపేవాళ్ళు పీహెచ్‌డీ చేసి ఉండాలన్న రూలు లేదు. ఈ రంగంలో కాన్ఫరెన్సులు నిన్నమొన్న పుట్టినవి కావు. పీఈఎంసీ అని పవర్ ఎలక్ట్రానిక్స్, మోషన్ కంట్రోల్ కాన్ఫరెన్స్ 1970లో హంగేరీలోని బుడాపెస్ట్‌లో మొదలైంది. మన దేశంలో పెడెస్ అని ఉంది, అది 1996లో ఢిల్లీలో మొదలై రెండేళ్ళకోసారి జరుగుతోంది. మేం పంపింది వేరే దానికి, మన దేశంలోనే. ముగ్గురం రాశాం: నేను, నా రూమ్మేట్, మా ల్యాబ్ సర్.

టాపిక్ మా ఊళ్ళోదే. మా మామకి పిండిమర ఉంది. రాగులు, జొన్నలు పట్టిస్తాడు. సాయంత్రం అందరూ లైట్లు వేసే టైముకి లైను చివర వోల్టేజ్ పడిపోతుంది. మోటారు మూలుగుతుంది, వేడెక్కుతుంది, ఏడాదికోసారి వైండింగ్ కాలుతుంది. చిన్నప్పుడు మోటారు పాతదై అలా అవుతుందనుకునేవాణ్ణి. సెకండియర్‌లో మెషీన్స్ క్లాసులో తెలిసింది, ఇండక్షన్ మోటారు టార్క్ వోల్టేజ్ వర్గాన్ని బట్టి మారుతుందని. అంటే 230 వోల్టులు రావాల్సిన చోట 170 వస్తే టార్క్ నాలుగో వంతు కాదు, దాదాపు సగం పోతుంది. 55 శాతమే మిగులుతుంది. ఆ లెక్క బోర్డు మీద చూసినప్పుడు నాకు మా మామ మొహమే గుర్తొచ్చింది.

(ఇక్కడ ఒక మాట. లోయర్ సీలేరులో 460 మెగావాట్ల కరెంటు పుడుతుంది, ఆ టవర్లు మన అడవుల మీంచే వెళ్తాయి. "మన మీంచే పోయే కరెంటు మనకెందుకు రాదు" అని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. అది 220 కేవీ లైను, నేరుగా మరకి తిప్పుకునేది కాదు, మధ్యలో సబ్‌స్టేషన్లు, ట్రాన్స్‌ఫార్మర్లు కావాలి. ఆ సంగతి తెలిశాక కూడా ఆ ప్రశ్న నాకు తప్పుగా అనిపించలేదు.)

మేం చేసింది ఇదీ. ఇండక్షన్ మోటారు బదులు బీఎల్‌డీసీ మోటారు పెట్టి, దాని ముందు బూస్ట్ కన్వర్టర్ పెట్టాం. లోపలికి 230 వచ్చినా 150 వచ్చినా అది డీసీ బస్‌ని 400 వోల్టుల దగ్గరే నిలబెడుతుంది. అయితే వోల్టేజ్ తగ్గితే అదే పవర్‌కి కరెంటు పెరగాలి. మా ల్యాబ్ మోటారు 1 హెచ్‌పీ, సుమారు 880 వాట్లు లాగుతుంది. 230 దగ్గర 3.8 ఆంపియర్లు చాలు, 150 దగ్గర 5.9 కావాలి. అంత కరెంటుకి సరిపడా కన్వర్టర్ కడితే ఖరీదు పెరుగుతుంది, మా మామ లాంటోళ్ళు కొనలేరు. అందుకే 5 ఆంపియర్ల దగ్గర గీత గీశాం. ఆ గీత తగిలితే కంట్రోలర్ మోటారు వేగం కొంచెం తగ్గిస్తుంది. 150 దగ్గర 85 శాతం వేగంతో తిరుగుతుంది. మర ఆగదు, నిదానిస్తుంది. పేపర్లో మాదని చెప్పుకునేది ఈ ఒక్క ముక్కే.

ఇక పంపడం గురించి. ఫార్మాట్ ఐట్రిపుల్ఈ వాళ్ళ రెండు కాలమ్‌ల టెంప్లేట్, ఊరికే దొరుకుతుంది. మాకు ఆరు పేజీలు మించకూడదన్నారు. సిమ్యులింక్ స్కోప్ గ్రాఫులు నల్ల బ్యాక్‌గ్రౌండ్‌తో అలాగే అతికించకండి, ప్రింటులో ఏమీ కనబడదు. తెల్లగా మార్చి, అక్షరాలు పెద్దవి చేసి పెట్టండి. ఇంట్రడక్షన్ ఎక్కడి నుంచో తెచ్చి అతికించే అలవాటు మన కాలేజీల్లో ఉంది. సాఫ్ట్‌వేర్ పెట్టి పోలికలు చూస్తారు, అక్కడే వెనక్కి వచ్చేస్తుంది.

ఇంగ్లీష్ గురించి భయపడకండి. నేను పదో తరగతి దాకా ఆశ్రమ పాఠశాలలో తెలుగు మీడియమే. నాకైతే ఇంటర్వ్యూలో మాట్లాడే ఇంగ్లీష్ కంటే పేపర్ ఇంగ్లీష్ సులువు అనిపించింది. చిన్న వాక్యాలు, ఏం కొలిచాం, ఎంత వచ్చింది, అంతే. నేను రాసిన పెద్ద పెద్ద పొగడ్త మాటలన్నీ సర్ కొట్టేశాడు. ఆ కొట్టేసినాకే బాగుంది.

గడువు దగ్గర ఏఓఈ అని మూడు అక్షరాలు ఉంటే చూసుకోండి. భూమ్మీద ఎక్కడో ఒకచోట ఆ తేదీ మిగిలి ఉన్నంతసేపూ టైం ఉందని అర్థం. మన టైం ప్రకారం మర్నాడు సాయంత్రం 5:29 దాకా. ఆ రోజు హాస్టల్ వైఫై ఆడుతుందో లేదో అని భయపడుతున్న మాకు ఆ పూట చాలా పనికొచ్చింది.

రివ్యూ డబుల్ బ్లైండ్. పేపర్ మీద పేర్లు, కాలేజీ ఉండవు. పీడీఎఫ్ ప్రాపర్టీస్‌లో ఉన్న పేరు కూడా తీసేశాం. చదివేవాళ్ళకి నేనెవరో, ఏ ఊరో, ఏ కులమో తెలీదు. నాకు ఊహ తెలిశాక సర్టిఫికెట్ చూపించకుండా, ఎవరి చూపూ నా మీద పడకుండా నా పని ఒక్కటే టేబుల్ మీదకి వెళ్ళింది ఇదే మొదటిసారి. అది ఎలా ఉంటుందో ఈ గ్రూపులో వాళ్ళకి వివరించక్కర్లేదు.

రివ్యూలు మూడు వచ్చాయి. ఒకరు బాగుందన్నారు. రెండో వాళ్ళు, ఇలాంటి కన్వర్టర్లు చాలామంది చేశారు, మీ కొత్తదనం ఏంటి అన్నారు. దానికి ఆ 5 ఆంపియర్ల సంగతి విడమరిచి రాశాం. మూడో రివ్యూ నన్ను నిద్ర పోనివ్వలేదు: 150 వోల్టులే ఎందుకు తీసుకున్నారు, నిజంగా అంత తగ్గుతుందని ఆధారం ఏది అని. మొదటి డ్రాఫ్టులో మా ఊరి గురించి ఒక పేరా ఉండేది. పేజీలు సరిపోక, రిఫరెన్స్ లేదని సర్ తీయించాడు. ఇప్పుడు రివ్యూ చేసినాయన అడిగింది సరిగ్గా దాన్నే. సర్ నవ్వి, ల్యాబ్ మల్టీమీటర్ నా చేతిలో పెట్టి "ఊరెళ్ళి కొలుచుకురా" అన్నాడు.

దసరా సెలవులకి వెళ్ళా. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, తొమ్మిది రోజులు, మొత్తం 27 రీడింగులు. మా మామ కూతురు ఎనిమిదో తరగతి, నేను లేని పూట తనే చూసి నోటుబుక్కులో రాసింది. ఎక్కువలో ఎక్కువ 221, తక్కువలో తక్కువ 148. తొమ్మిది సాయంత్రాల్లో ఆరు 170 కింద ఉన్నాయి. 148 అంటే టార్క్ 41 శాతం. తీసేసిన పేరా చోటే ఆ టేబుల్ పెట్టాం. పేపర్ ఓకే అయింది.

తర్వాత పేర్ల దగ్గర ఆగాం. ఫారంలో ఇచ్చిన పేరు, ఇంటిపేరు విడివిడిగా అడుగుతారు. సోడి, మడకం, కురసం, పూనెం, మన ఇంటిపేర్లు మనం ముందు రాస్తాం, వాళ్ళు వెనక్కి పెడతారు. రేపు ఎవరైనా మన పేపర్‌ని చూపిస్తే మన పేరు ఒక్క అక్షరం అవుతుంది, ఇంటిపేరు మాత్రం పూర్తిగా ఉంటుంది. నాకు అది నచ్చింది. అన్నిచోట్లా ఒకే స్పెల్లింగ్ వాడండి. ఆర్కిడ్ ఐడీ అని 16 అంకెల నంబరు ఉచితంగా ఇస్తారు, పేరు ఎలా మారినా అది మారదు.

డబ్బు సంగతి దాచను. రిజిస్ట్రేషన్ ఎనిమిది వేల పైనే అయింది. మా ఇంట్లో చింతపండు సీజన్ మొత్తం కలిపితే ఎంతొస్తుందో మీకు తెలుసు. సగం డిపార్ట్‌మెంట్ ఇచ్చింది, మిగతాది ముగ్గురం వేసుకున్నాం, సర్ ఎక్కువ వేశాడు. కట్టే ముందు ఒకటి చదువుకోండి: స్టూడెంట్ రేటుతో కడితే పేపర్ చెల్లుతుందా, ఒక రచయిత పూర్తి రేటు కట్టాలా అన్నది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. వెళ్ళి చెప్పకపోతే ఐట్రిపుల్ఈ ఎక్స్‌ప్లోర్‌లో పేపర్ పెట్టకపోయే హక్కు వాళ్ళకుంది, కాబట్టి ప్రయాణం ఖర్చు కూడా ముందే లెక్కేయండి. రెండు రోజుల్లో ఓకే చేస్తాం, డబ్బు పంపండి అని మెయిళ్ళు వస్తాయి. ఎక్స్‌ప్లోర్‌లో ఆ కాన్ఫరెన్స్ పోయినసారి పేపర్లు ఉన్నాయా అని వెతకండి. లేకపోతే మన డబ్బు గోదాట్లో పోసినట్టే.

చివర్లో కృతజ్ఞతల దగ్గర మామ పేరు, మరదలి పేరు రాశాం. ఫోన్లో చదివి వినిపిస్తే మామ "నా పేరు ఎందుకురా, మోటారు ఎప్పుడు తెస్తావ్ చెప్పు" అన్నాడు. ల్యాబ్‌లోది 1 హెచ్‌పీ, మామ మరకి 3 హెచ్‌పీ కావాలి. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి అదే అడిగాం.

డిసెంబర్‌లో ప్రజెంటేషన్, పదిహేను నిమిషాలు. రోజూ మెస్ అయ్యాక రూమ్‌లో చెప్పుకుంటున్నా, ఇప్పటికి పద్దెనిమిది అవుతోంది. మీలో ఎవరి దగ్గరైనా డ్రాఫ్టు ఉంటే నాకు మెసేజ్ చేయండి, ఆదివారం కూర్చుని చూద్దాం. సివిల్, మెకానికల్ వాళ్ళు కూడా. టెంప్లేట్, నేను రివ్యూలకి రాసిన జవాబులు పంపుతా.

జై ఆదివాసీ.