టోరీ పైన్స్ గట్టు మీద మూడు రోజులు

మన పత్రికలో ప్రయాణాల వ్యాసం అంటే యోసెమిటీ, గ్రాండ్ కాన్యన్, లేదంటే సెలవులకి ఇండియా వెళ్ళి వచ్చిన కబుర్లు. నేను రాయబోయేది ఒక గోల్ఫ్ మైదానం గురించి. ఈ మాట చెప్పగానే మా వారు నవ్వారు, "నువ్వు గోల్ఫ్ గురించి ఏం రాస్తావు?" అని. నిజమే, నాకు ఆ కర్ర పట్టుకోవడం కూడా సరిగ్గా రాదు. కాని మా పెద్దమ్మాయి తొమ్మిదో ఏట ఆ ఆట మొదలుపెట్టిన దగ్గర్నుంచి, అంటే ఆరేళ్ళుగా, దాని వెనకాల నడుస్తూనే ఉన్నాను. నడిచినవాళ్ళకి కూడా చెప్పుకోవడానికి కొన్ని సంగతులు ఉంటాయి.

2025 జూలైలో పిల్లకి శాన్ డియాగోలో ఒక జూనియర్ పోటీ ఉంది. ఒక రోజు ప్రాక్టీసు, రెండు రోజులు ఆట. నేను క్లినిక్‌లో నాలుగు రోజులు సెలవు పెట్టాను. బేకర్స్‌ఫీల్డ్‌లో ఆ రోజు ఎండ 105 డిగ్రీలు. తెల్లవారుజామునే బయల్దేరి, గ్రేప్‌వైన్ కనుమ ఎక్కి దిగి, లాస్ ఏంజిలిస్ ట్రాఫిక్‌లో గంటన్నర సమర్పించుకుని, శాన్ క్లెమెంటే దాటేసరికి కుడిచేతి పక్కన సముద్రం కనపడింది. లా హోయా చేరేసరికి ఎండా లేదు, వేడీ లేదు. సముద్రం మీంచి మంచు మబ్బు వచ్చి గట్టంతా కప్పేసి ఉంది. మా చిన్నవాడు కారు దిగగానే స్వెట్టరు అడిగాడు.

టోరీ పైన్స్ అనేది నిజానికి ఒక చెట్టు పేరు. ఒక్కో గుత్తిలో అయిదేసి సూదుల్లాంటి ఆకులు, సముద్రపు గాలికి వంగిపోయిన కొమ్మలు. ప్రపంచంలో ఈ పైన్ చెట్టు సహజంగా పెరిగేది రెండే చోట్ల: ఈ గట్టు మీద, ఇక్కడికి దూరంగా ఉన్న సాంటా రోజా దీవిలో. 1850లో చార్లెస్ ప్యారీ అనే ఆయన దీన్ని గుర్తించి, తన గురువు జాన్ టోరీ పేరు పెట్టాడు. ఆ గురుశిష్యులు ఇద్దరూ వైద్యం చదివి వృక్షశాస్త్రంలోకి వెళ్ళినవాళ్ళే. మన వృత్తివాళ్ళు చెట్లకి కూడా పేర్లు పెట్టారని తెలిసి నాకు కాస్త గర్వంగానే అనిపించింది.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఈ గట్టు మీద క్యాంప్ కేలన్ అనే సైనిక శిబిరం ఉండేది. విమానాల మీద ఫిరంగులు పేల్చడం నేర్పేవారట. యుద్ధం అయ్యాక ఆ స్థలంలో నగరం వారు 1957లో రెండు గోల్ఫ్ కోర్సులు తెరిచారు, నార్త్, సౌత్ అని. ఇది ఏ కోటీశ్వరుల క్లబ్బూ కాదు, శాన్ డియాగో నగరపాలక సంస్థది. డబ్బు కట్టి ఎవరైనా ఆడవచ్చు, ఊరివాళ్ళకి తక్కువ రుసుము. అమెరికా దేశపు పెద్ద పోటీ యు.ఎస్. ఓపెన్ ఇక్కడ 2008లో, 2021లో జరిగింది. 2008లో టైగర్ వుడ్స్ ఎడమ కాలి ఎముకలో చీలికలతో, మోకాలిలో తెగిన లిగమెంటుతో 91 హోల్స్ నడిచి గెలిచాడు. డాక్టరుగా నేను దాన్ని హర్షించలేను. అలాంటి కాలుతో నా దగ్గరికి వస్తే మంచం దిగవద్దనే చెబుతాను.

మన దేశంలో గోల్ఫ్ అంటే నాకు తెలిసింది ఒక్కటే. గోల్కొండ కోట దగ్గర నయా ఖిల్లాలో పచ్చటి మైదానం, లోపల తెల్ల టోపీల పెద్ద ఆఫీసర్లు. అందుకే మునిసిపాలిటీ వాళ్ళ గోల్ఫ్ అనగానే నాకు మొదట నమ్మకం కుదరలేదు.

మొదటి రోజు ప్రాక్టీసు. తల్లిదండ్రుల అవసరం లేదన్నారు. రోడ్డుకి అవతలే సాక్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. మా వారు ముందే పేర్లు రాయించడం వల్ల లోపల చూడగలిగాం. 1955లో పోలియో టీకా ఫలితాలు లోకానికి తెలిశాక, జోనస్ సాక్ పరిశోధనాలయం కోసం 1960లో ఈ నగర ప్రజలు ఓటు వేసి మరీ స్థలం ఇచ్చారు. లూయీ కాన్ కట్టిన కట్టడం. రెండు వైపులా బూడిదరంగు కాంక్రీటు భవనాలు, నడుమ రాతి పరుపు, దాని మధ్య సన్నని నీటి కాలువ నేరుగా సముద్రం వైపు పోతూ ఉంటుంది. ఒక్క చెట్టు కూడా లేదు. అక్కడ నిలబడితే గుంటూరులో మా హౌస్ సర్జన్సీ రోజులు గుర్తొచ్చాయి. పల్స్ పోలియో ఆదివారాలు, ఐస్ పెట్టె, పిల్లల చిటికెన వేలి గోటికి నల్ల సిరా. మేము వేసినవి సేబిన్ గారి చుక్కలు, సాక్ గారి ఇంజెక్షన్ కాదు. అయినా దారి తీసింది ఇతనే. 2014 మార్చిలో మన దేశాన్ని పోలియో లేని దేశంగా ప్రకటించినప్పుడు నేను ఇక్కడ రెసిడెన్సీలో ఉన్నాను. ఆ రాత్రి డ్యూటీలో ఎవరితోనైనా చెప్పుకోవాలనిపించింది. వినేవాళ్ళెవరూ దొరకలేదు.

ఇక అసలు సంగతి. ఈ పోటీకి మేము అంత దూరం వెళ్ళింది కాలేజీ కోచ్‌ల కోసం. ఇక్కడ విశ్వవిద్యాలయాలు గోల్ఫ్ బాగా ఆడే పిల్లలకి స్కాలర్‌షిప్ ఇస్తాయని మన వాళ్ళందరికీ తెలుసు. అది ఎలా నడుస్తుందో చాలామందికి తెలియదు, నాకూ తెలిసేది కాదు. 2024-25 వరకు డివిజన్ వన్‌లో మగపిల్లల జట్టు మొత్తానికి నాలుగున్నర స్కాలర్‌షిప్పులు, ఆడపిల్లల జట్టుకి ఆరు. ఆ నాలుగున్నరనే ఎనిమిది తొమ్మిది మందికి ముక్కలు చేసి పంచేవారు. కాబట్టి "ఫలానా వాళ్ళ అబ్బాయికి గోల్ఫ్ స్కాలర్‌షిప్ వచ్చిందట" అంటే అది నాలుగోవంతు ఫీజు కూడా కావచ్చు. 2025లో కోర్టు ఒప్పుదల తరువాత కొత్త పద్ధతి వచ్చింది. ఆ ఒప్పందంలో చేరిన కాలేజీల జట్టులో తొమ్మిదిమందికి మించి ఉండకూడదు, ఆ తొమ్మిదిమందికీ పూర్తిగా ఇచ్చినా ఇవ్వవచ్చు. ఇవ్వాలని నియమమేమీ లేదు. డివిజన్ త్రీ కాలేజీలు, ఐవీ లీగ్ కాలేజీలు ఆట కోసం స్కాలర్‌షిప్ ఇవ్వవు. ఆటతో బాటు హైస్కూల్లో 16 ముఖ్యమైన కోర్సులు తగిన మార్కులతో పూర్తి చెయ్యాలి. పదో తరగతి అయిన ఏడాది జూన్ 15 దాకా డివిజన్ వన్ కోచ్‌లు పిల్లలతో ఉత్తరాలు, ఫోన్లు నడపకూడదు. అప్పటిదాకా వచ్చి దూరం నుంచి చూసి పోవచ్చు. మా అమ్మాయి అప్పటికి తొమ్మిదే పూర్తి చేసింది. అంటే 2026 జూన్ దాకా మౌనవ్రతం.

మనవాళ్ళలో ఈ దారిన వెళ్ళినవాడు సాహిత్ తీగల. తల్లిదండ్రులు హైదరాబాద్ నుంచి వచ్చినవారు, అతను కాలిఫోర్నియాలోనే పుట్టి పెరిగాడు. పెప్పర్‌డైన్ విశ్వవిద్యాలయానికి ఆడాడు. మణికట్టు గాయంతో 2018-19 సీజను మొత్తం పోయింది. తిరిగొచ్చి 2020లో కాలేజీ గోల్ఫ్‌లో ఉన్న మూడు పెద్ద అవార్డులూ, హాస్కిన్స్, హోగన్, నిక్లాస్, అన్నీ అందుకున్నాడు. 2023లో నాపాలో మొదటి పి.జి.ఎ. టూర్ టైటిల్ గెలిచాడు. మా ఇంట్లో అతని పేరు రోజూ వినపడుతుంది. ఆ పేరు ఎక్కువగా ఎత్తేది మా అమ్మాయి కాదు, నేను.

రెండో రోజు నార్త్ కోర్సు మీద ఆట. జూనియర్ పోటీల్లో తల్లిదండ్రులు గడ్డి మధ్యకి వెళ్ళకూడదు, కార్ట్ దారి పట్టుకుని నడవాలి, సలహా ఇవ్వకూడదు. పిల్లలు తమ బ్యాగులు తామే మోసుకోవాలి, లేదా తోపుడు బండి మీద లాక్కోవాలి. నేను బైనాక్యులర్స్ మెడలో వేసుకుని నడిచాను. ఎనిమిదో హోల్ దగ్గర కాలేజీ గుర్తు టోపీలతో ఇద్దరు కార్ట్‌లో కూర్చుని నోటు పుస్తకంలో ఏదో రాసుకుంటున్నారు. నా కళ్ళు అటే. మా అమ్మాయి ఆడినప్పుడు రాశారా? వెనక గుంపులో పిల్ల కోసం వచ్చారా? తొమ్మిదో హోల్‌కి వాళ్ళు వెళ్ళిపోయారు. నాకు ఆ తరువాతి హోల్స్ ఎలా జరిగాయో సరిగా గుర్తు లేదు. పిల్ల 77 కొట్టింది.

రాత్రి హోటల్లో నేను తెచ్చిన పులిహోర తింటూ, "అమ్మా, రేపు బైనాక్యులర్స్ తేకు" అంది.

"ఏం?"

"నేను కొట్టాక నువ్వు బంతిని చూడవు. వాళ్ళని చూస్తావు."

మా వారు ఏమీ అనలేదు. నేనూ అనలేదు. పిల్లలు పడుకున్నాక చాలాసేపు నిద్ర పట్టలేదు.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. పదో తరగతి దాకా నేను బాడ్మింటన్ ఆడేదాన్ని. జిల్లా పోటీల్లో రెండుసార్లు ఫైనల్స్‌కి వెళ్ళాను. ఇంటర్లో చేరిన రోజున నాన్నగారు రాకెట్టు గుడ్డలో చుట్టి అటక మీద పెట్టారు. "ఎంసెట్ అయ్యాక ఆడుకుందువు గానిలే" అన్నారు. ఆయన మీద నాకు కోపం లేదు. ముగ్గురు ఆడపిల్లలు, గుమాస్తా జీతం. సీటు రావడమే మా ఇంటికి బతుకు. సీటు వచ్చింది. హౌస్ సర్జన్సీలోనే పెళ్ళి, తరువాత పిల్ల, తరువాత ఈ దేశం. రాకెట్టు అటక మీదే ఉంది. నా పిల్లకి అలా జరగకూడదనుకున్నాను, ఆడించాను. ఆడిస్తూనే ఆ ఆటకి కూడా ఒక సీటు కావాలనుకున్నాను. అప్పుడు నేను నాన్నగారి కంటే ఏం మారినట్టు? ఆయన ఆట ఆపించి ర్యాంకు అడిగారు, నేను ఆటలోనే ర్యాంకు అడుగుతున్నాను. పైగా కోచింగు, హోటళ్ళు, ఎంట్రీ ఫీజులు అన్నీ ఆ రాత్రి మనసులో లెక్క వేస్తే, మేము పెట్టింది ముక్కల స్కాలర్‌షిప్ కంటే ఎక్కువే తేలింది.

మూడో రోజు సౌత్ కోర్సు. బైనాక్యులర్స్ కారులో వదిలేశాను. పొద్దున మబ్బుగానే ఉంది. కికుయు అనే మొండి గడ్డి, బంతి అందులో పడితే కర్ర చుట్టూ గడ్డి చుట్టుకుంటుంది. మూడో హోల్ దగ్గరికి వచ్చేసరికి మబ్బు విడిపోయి, కింద నీలంగా సముద్రం, పైన రెక్కల గొడుగులతో ఎగిరే మనుషులు. ఆరో హోల్ దగ్గర ఒక పెద్దాయన నాతో నడక కలిపారు, ఆయన మనవరాలు మా అమ్మాయి గుంపులోనే ఉంది. షికాగో దగ్గర పుట్టారట. పదమూడో ఏట నుంచి క్లబ్బులో ఇతరుల బ్యాగులు మోసి, ఇవాన్స్ స్కాలర్‌షిప్ మీద కాలేజీ చదివారట. ఆ కథ నాకు తెలియదు. చిక్ ఇవాన్స్ 1916లో యు.ఎస్. ఓపెన్, యు.ఎస్. అమెచ్యూర్ రెండూ ఒకే ఏడాది గెలిచాడు. అమెచ్యూర్‌గానే ఉండాలని, తన ఆట వల్ల వచ్చిన డబ్బు తను తీసుకోకుండా, తల్లి మాట మీద క్యాడీ పిల్లల చదువుకి పెట్టాడు. 1930లో నార్త్‌వెస్టర్న్‌లో ఇద్దరు క్యాడీలతో మొదలైంది, ఇప్పటికీ నడుస్తోంది. ఫీజు, వసతి రెండూ ఇస్తారు.

"నా స్కోరు ఎవరూ అడగలేదు" అన్నారు ఆయన. "మార్కులు, ఇంటి పరిస్థితి, ఎన్ని బ్యాగులు మోశానన్నదీ అడిగారు. నేను ఇప్పటికీ వంద దాటే ఆడతాను."

ఇంటి పరిస్థితి చూస్తారు కనుక డాక్టర్ల పిల్లలకి అది రాదు, రాకూడదు కూడా. కాని గోల్ఫ్ పేరున ఇలాంటి చదువు కూడా ఒకటి ఉందని మన క్లినిక్కుల్లో పనిచేసే వాళ్ళ పిల్లలకి చెప్పాలి.

పద్దెనిమిదో హోల్ ముందు చిన్న చెరువు ఉంది. 1975లో బ్రూస్ డెవ్లిన్ అనే ఆటగాడు అక్కడ బంతుల మీద బంతులు నీళ్ళలో వేసి ఆ ఒక్క హోల్‌కే పది తీసుకున్నాడు. దానికి అతని పేరే పెట్టారు. మా అమ్మాయి అయిదులో ముగిస్తే 79, అంత పెద్ద కోర్సు మీద ఎనభై లోపు. రెండో దెబ్బ చిన్నగా ఆడి, చెరువు ముందు ఆపుకుంటే సరిపోతుంది. గ్రీన్ పక్కన టోపీల వాళ్ళు ముగ్గురు నిలబడ్డారు. పిల్ల పెద్ద కర్ర తీసింది. నేను దారిలో నిలబడి చేతులు కట్టుకున్నాను. బంతి ఎత్తుగా లేచింది, అందంగానే లేచింది, గట్టు అంచున తగిలి నీళ్ళలోకి దొర్లింది. చివరికి ఏడు. మొత్తం 81.

టోపీల వాళ్ళ మొహాలు ఎలా ఉన్నాయో నేను చెప్పలేను, చూడలేదు. పిల్ల స్కోరు కార్డు ఇచ్చి వచ్చి, "అమ్మా, ఇంకో రెండు గజాలు! చూశావా?" అంది.

"చూశాను" అన్నాను. చూశాను కూడా.

ఇంటికి వచ్చాక గుంటూరు నుంచి నాన్నగారు ఫోన్ చేశారు. "ఏమ్మా, దానికి కాలేజీలో సీటిస్తారా ఆ ఆటకి?" అన్నారు. ఇంకా తెలియదన్నాను. కాసేపు ఆగి, "నీ రాకెట్టు అటక మీదే ఉంది, చెదలు పట్టలేదు" అన్నారు. నేను అడగలేదు, ఆయనే అన్నారు.

2026 జూన్ 15న ఫోన్ మోగుతుందో లేదో తెలియదు. మోగకపోయినా పిల్ల ఆడుతుంది, ఈ మాట దానికి చెప్పాను. గోల్ఫ్ ఆడే పిల్లలున్న సభ్యులు ఎవరైనా నాకు ఫోన్ చేయండి, నియమాలు తెలిసినంత చెబుతాను, ఖర్చు లెక్క కూడా దాచను. అన్నట్టు, పోయిన నెల నుంచి ఆదివారాలు సాయంత్రం అయిదు గంటలకి మా వీధి చివర స్కూలు జిమ్‌లో మేము నలుగురు ఆడవాళ్ళం బాడ్మింటన్ ఆడుతున్నాం. మోకాళ్ళు నొప్పులు పుట్టిస్తున్నాయి గాని బాగుంది. ఇంకో నలుగురు వస్తే రెండో కోర్టు కూడా తీసుకుంటాం. రాకెట్లు లేకపోయినా రండి, నా దగ్గర ఉన్నాయి.