తెనాలిలో స్పానిష్ ఎవరితో మాట్లాడతావు?

మా క్లాసులో నలుగురు జర్మన్ నేర్చుకుంటున్నారు, మాస్టర్స్‌కి వెళ్ళాలని. ఇద్దరు జపనీస్ మొదలుపెట్టారు, ఒకడు ఉద్యోగం కోసం, ఇంకొకడు అనిమే కోసం. నేను స్పానిష్ అనగానే మాత్రం అందరిదీ ఒకటే ప్రశ్న: "తెనాలిలో ఎవరితో మాట్లాడతావురా?" మా బాబాయి అయితే, "ఊరిని ఆంధ్రా ప్యారిస్ అంటారు గదా, కనీసం ఫ్రెంచ్ నేర్చుకున్నా ఒక అర్థముంది" అన్నాడు.

ప్రశ్న న్యాయమైనదే. స్పానిష్ 20 దేశాల్లో అధికార భాష, దాదాపు 50 కోట్ల మందికి మాతృభాష. ఈ లెక్కలు ఎక్కడైనా దొరుకుతాయి, కానీ లెక్కలు చూసి ఎవరూ భాష నేర్చుకోరు. నాకు కారణం రేపల్లెలో దొరికింది.

మా మావయ్య రేపల్లె దగ్గర రొయ్యల చెరువులు లీజుకు తీసుకుని సాగు చేస్తాడు. నిజాంపట్నం వైపు వెళ్తే రోడ్డుకి రెండు పక్కలా ఏరేటర్లు తిరుగుతూ కనిపిస్తాయి కదా, ఆ చెరువులే. వాటిలో పెరిగే వనామి రొయ్య అసలు మన రొయ్య కాదు. దాని సొంత ఊరు మెక్సికో నుంచి పెరూ దాకా ఉన్న పసిఫిక్ తీరం, అంటే స్పానిష్ మాట్లాడే తీరం. మన దేశంలో 2009లో దానికి అనుమతి వచ్చాక టైగర్ రొయ్యని పక్కకి నెట్టేసింది.

ఈ వ్యాపారంలో మనకి పెద్ద పోటీ ఈక్వడార్. రెండు కోట్ల జనాభా కూడా లేని ఆ దేశం ఏడాదికి 10 లక్షల టన్నులకు పైగా రొయ్యలు ఎగుమతి చేస్తుంది. మన దేశం మొత్తం కలిపినా 7 లక్షల టన్నుల చిల్లర. 2025 ఆగస్టులో మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరింది. ఈక్వడార్ మీద వేసింది 15 శాతం. చెరువు గట్టు మీద రేటు పడిపోయిన ఆ రోజుల్లోనే మావయ్య, "వాళ్ళు ఎట్టా చేస్తన్నార్రా? నీ కంప్యూటర్లో చూసి చెప్పు" అన్నాడు.

చూశాను. ఇంగ్లీషులో దొరికింది కొంచెమే. అక్కడి ఆక్వా కల్చర్ ఛాంబర్ వేసే పత్రిక, రైతుల వీడియోలు అన్నీ స్పానిష్‌లో ఉన్నాయి. ట్రాన్స్‌లేటర్ యాప్ ఉందిగా అంటారా? నేను వాడిన యాప్ ప్రకారం అక్కడి రైతు ల్యాబ్ నుంచి పిల్ల తెచ్చి స్విమ్మింగ్ పూల్‌లో వదిలాడు! స్పానిష్‌లో "పిసినా" అంటే ఈత కొలనే. కానీ ఈక్వడార్ రైతుకి పిసినా అంటే రొయ్యల చెరువు, "లబొరతోరియో" అంటే హేచరీ. ఇంకో తమాషా, ఈక్వడార్‌లో "కమరోన్" అనే ఇదే వనామిని స్పెయిన్‌లో "లంగొస్తీనో" అని అమ్ముతారు. రేపు మనవాళ్ళు స్పెయిన్ కొనుగోలుదారుతో బేరం ఆడాలంటే ఈ తేడా తెలియాలి.

చదివిన కొద్దీ విషయం అర్థమైంది. మొత్తం మీద వాళ్ళు చదరపు మీటరుకి మనకంటే తక్కువ పిల్ల వేస్తారు. పెద్ద ఫారాల్లో నీళ్ళలో మైకు పెట్టి, రొయ్యలు మేత నమిలే చప్పుడు విని, దాన్ని బట్టి మెషీన్ మేత వదులుతుంది. కంప్యూటర్ సైన్స్ వాడిగా నాకు అక్కడ కళ్ళు తిరిగాయి! 1999లో వైట్ స్పాట్ జబ్బు వాళ్ళ సాగుని తుడిచిపెట్టినంత పని చేసింది. వాళ్ళు దాన్ని "మాంచా బ్లాంకా" అంటారు, అచ్చంగా తెల్ల మచ్చ. అది చెప్పగానే మావయ్య, "మన కష్టమే గదరా వాళ్ళదీ" అన్నాడు. లీజు చెరువులో మైకులు పెట్టే స్తోమత ఆయనకి లేదు. కానీ ఈసారి పిల్ల తగ్గించి వేశాడు. అది మంచి పనో కాదో పట్టుబడి రోజున తెలుస్తుంది.

ఇక రెండో లాభం నేను ఊహించనిది. నర్సరీ నుంచి ఇంగ్లీష్ మీడియం కాబట్టి తెలుగు మాట్లాడటమే గానీ, దాని లోపల ఏముందో చూసే అవసరం ఎప్పుడూ పడలేదు. స్పానిష్ ఆ అవసరం తెచ్చింది. కాఫీ ఇష్టం అనాలంటే "మే గుస్తా ఎల్ కఫే". మాటకి మాట పెడితే "నాకు నచ్చుతుంది కాఫీ". ఇంగ్లీషులో లాగా "నేను" ముందుకొచ్చి కూర్చోదు. తూ, ఉస్తెద్ అంటే మన నువ్వు, మీరు. "వస్తాను" అంటే చాలు, "నేను" అక్కర్లేదు. స్పానిష్ క్రియ కూడా అంతే.

అందరూ భయపడేది సెర్, ఎస్తార్ దగ్గర. ఇంగ్లీషులో రెండిటికీ ఒకటే క్రియ కాబట్టి కష్టం. మనకి తెలుగులోనే తేడా ఉంది. "నేను స్టూడెంట్‌ని" అన్నప్పుడు క్రియే లేదు, అక్కడ సెర్. "నేను బాపట్లలో ఉన్నాను" అన్నప్పుడు "ఉన్నాను" వచ్చింది, అక్కడ ఎస్తార్. ఎప్పుడూ కాదు గానీ చాలాసార్లు ఈ కిటుకు పనిచేస్తుంది. ఉచ్చారణలోనూ అంతే. వాళ్ళ టీ అక్షరం మన "త". అందుకే టమాటా "తొమాతే" అవుతుంది. "పెరో" అంటే కానీ, "పెఱ్ఱో" అంటే కుక్క. మనం అక్షరమాలలో మూలన పడేసిన బండి ఱ వాళ్ళకి రోజూ పనికొస్తోంది!

"మన్యానా" అంటే రేపు. అదే మాటకి పొద్దున అని కూడా అర్థం. వింతగా ఉందని అమ్మమ్మకి చెబితే ఆవిడ నవ్వి, "రేపూ మాపూ అనమూ? రేపంటే పొద్దున, మాపంటే సాయంత్రం" అంది. బ్రౌన్ నిఘంటువు తీసి చూస్తే అమ్మమ్మ చెప్పిందే నిజం.

స్పానిష్ మాటలు మన ఇళ్ళలోకి ఎప్పుడో వచ్చాయి కూడా. టమాటా, చాక్లెట్, సపోటా మెక్సికోలోని నహువాతల్ భాషలో పుట్టి, స్పానిష్ మీదుగా లోకమంతా తిరిగి మనదాకా చేరినవే.

స్పానిష్‌తో బతుకులు ముడిపడిన ఊరు మన రాష్ట్రంలోనే ఉంది. బార్సిలోనాలో 1920లో పుట్టిన విసెంతె ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి ఆర్డీటీ సంస్థని మొదలుపెట్టారు. 2009లో ఆ ఊళ్ళోనే కన్నుమూశారు. అక్కడి పల్లెల పిల్లలు స్పెయిన్‌లోని దాతలకి తెలుగులో ఉత్తరాలు రాస్తే వాటిని స్పానిష్‌లోకి మార్చేది మనవాళ్ళే. పేద ఇళ్ళ గ్రాడ్యుయేట్లకి విదేశీ భాషలు నేర్పే స్కూల్ కూడా ఆ సంస్థ నడుపుతోంది. రఫేల్ నాదల్ ఫౌండేషన్ టెన్నిస్ స్కూల్ 2010లో అక్కడే మొదలైంది.

అమెరికా వెళ్ళేవాళ్ళకీ ఒక మాట. అక్కడ నాలుగు కోట్ల మందికి పైగా ఇంట్లో స్పానిష్ మాట్లాడతారు, మన సీనియర్లు ఎక్కువగా చేరే టెక్సాస్‌లో మరీ ఎక్కువ. రాష్ట్రాల పేర్లు కూడా అర్థమవుతాయి: కొలరాడో అంటే ఎర్రనిది, నెవాడా అంటే మంచు కప్పినది.

నేర్చుకోవాలంటే ముందు ఖర్చేమీ అక్కర్లేదు. నేను తెనాలి–రేపల్లె ప్యాసింజర్‌లో వేమూరు వచ్చేలోగా పది మాటలు, భట్టిప్రోలు దాటేలోగా వాటితో పది వాక్యాలు అనుకుంటాను. సీరియస్‌గా చదవాలంటే హైదరాబాద్ ఇఫ్లూ ఉంది. సర్టిఫికెట్ కావాలంటే డెలే పరీక్ష ఉంది, ఏ1 నుంచి సీ2 దాకా మెట్లు.

అందరూ స్పానిషే నేర్చుకోవాలని అనను. మీ ఇంట్లో పండేది, అమ్మేది ఏ దేశానికి పోతుందో ఒకసారి అడగండి. గుంటూరు తేజా మిర్చి చైనాకి పోతుంది. మిర్చి రైతు ఇంట్లో ఒకరికి చైనీస్ వస్తే తప్పా? ఏ భాషైనా సరే, దాంతో చేయాల్సిన పని ఒకటి కళ్ళముందు ఉంటే మధ్యలో ఆగిపోదు. నా ముందు ఇప్పుడు మేత ఖర్చు తగ్గించడం మీద 14 పేజీల స్పానిష్ వ్యాసం ఉంది. ఆరు పేజీలు అయ్యాయి. ఆదివారంలోగా మిగతాది చదివి మావయ్యకి చెప్పాలి.