ఆలందూరు: నేల క్రింది పురపాలన

చెన్నై నగరానికి దక్షిణపు గుమ్మం వంటిది పరంగిమలై. ఇంగ్లీషువారు సెయింట్ థామస్ మౌంట్ అని పిలిచిన ఈ చిన్న కొండమీద పోర్చుగీసుల కాలంనాటి చర్చి ఉన్నది. మెట్లెక్కి పైన నిలబడితే ఒక దిక్కున మీనంబాక్కం విమానాశ్రయం, మరొక దిక్కున కత్తిపారా కూడలిలో మెలికలు తిరిగిన వంతెనలు, వాటి నడుమ ఆలందూరు, ఆదంబాక్కం, నంగనల్లూరుల ఇళ్ల కప్పులు కనిపిస్తాయి. 1802లో విలియం లాంబ్టన్ భారతదేశపు మహా సర్వేకు తొలి కొలత తీసినది ఈ కొండ పరిసరాలలోనే.

ఇక్కడికి వచ్చే యాత్రికులు కొండమీది చర్చిని చూస్తారు. నంగనల్లూరులో 32 అడుగుల ఆంజనేయస్వామికి నమస్కరిస్తారు. 2015లో తెరచిన మెట్రో స్టేషనులో రైలు మారి వెళ్లిపోతారు. ఆలందూరులో చూడదగిన అసలు వింత మాత్రం వారి కంట పడదు. అది వారి పాదాల క్రింద ఉన్నది.

1990 దశకంలో ఆలందూరు ప్రత్యేక పురపాలక సంఘం. 2001 జనాభా లెక్కల ప్రకారం సుమారు 1,46,000 మంది నివసించిన ఈ పట్టణంలో భూగర్భ మురుగు కాలువ అన్నది లేదు. దాదాపు ప్రతి ఇంటికీ సెప్టిక్ ట్యాంకే దిక్కు. అది నిండితే లారీని పిలిపించాలి. లారీ వచ్చేదాకా దుర్వాసన భరించాలి. తక్కిన వాడుక నీరు వీధి కాలువలలో నిలిచి దోమలకు పుట్టిల్లయ్యేది. విమానాలు దిగే చోటికి కూతవేటు దూరంలో ఉన్న పట్టణం పరిస్థితి ఇది.

పట్టణ స్థానిక సంస్థలకు ప్రాణం పోసిన 74వ రాజ్యాంగ సవరణ 1993లో అమలులోకి వచ్చినది. దాని అనంతరం 1996లో తమిళనాడులో స్థానిక ఎన్నికలు జరిగినవి. ఆలందూరు ఛైర్మన్‌గా ద్రావిడ మున్నేట్ర కళగం అభ్యర్థి ఆర్.ఎస్. భారతి ఎన్నికైనారు. ఆయన, ఆయన కౌన్సిలు తలకెత్తుకున్న పని ఏ రాజకీయ నాయకుడూ కోరి ఎత్తుకునేది కాదు. ఉద్యానవనం కట్టిస్తే పేరు చెక్కిన శిలాఫలకం నిలుస్తుంది. దీపస్తంభం పాతిస్తే వెలుగు పదిమందికీ కనిపిస్తుంది. మురుగు గొట్టమో, పూడ్చిన మరుక్షణం మరుగునపడుతుంది. ఆ మధ్య కాలంలో ప్రజలకు మిగిలేవి త్రవ్విన వీధులు, దుమ్ము, విసుగు.

ఆ పైన డబ్బు మాట. పథకానికి అంచనా వ్యయం సుమారు 34 కోట్ల రూపాయలు. అంత సొమ్ము పురపాలక సంఘం ఖజానాలో లేదు. తమిళనాడు పట్టణాభివృద్ధి నిధి ఋణమివ్వడానికి ముందుకు వచ్చినది. అయితే ఋణం తీర్చే దారి చూపించాలి. అప్పుడు కౌన్సిలు తీసుకున్న నిర్ణయం సాహసమే. ప్రతి గృహస్థు 5,000 రూపాయలు, వ్యాపార సంస్థలు 10,000 రూపాయలు ముందుగా ధరావతు చెల్లించాలి. కనెక్షను వచ్చిన తరువాత ఇంటికి నెలకు 150 రూపాయల రుసుము.

ఆ రోజులలో చిన్న ఉద్యోగి నెల జీతానికి ఐదు వేలు తక్కువ సొమ్ము కాదు. పింఛనుమీద బ్రతికే వృద్ధులు నంగనల్లూరు నిండా ఉన్నారు. గొట్టమైనా కంటికి కనిపించకముందే, ఒక పురపాలక సంఘం చేతిలో ఐదు వేలు పోయడమంటే మాటలా? "కట్టిన సొమ్ముకు పూచీ ఎవరు?" అన్నది న్యాయమైన ప్రశ్న.

ఆ ప్రశ్నకు జవాబు ఉత్తర్వుల రూపంలో రాలేదు. ఛైర్మను, కౌన్సిలర్లు నివాసుల సంక్షేమ సంఘాలతో సమావేశాలు జరిపినారు, ఇల్లిల్లూ తిరిగినారు, ఖర్చెంత, ప్రజల వాటా ఎంత, అప్పు ఎంత అన్నది విడమరచి చెప్పినారు. పథకం ఒక పార్టీ సొత్తుగా మిగలకుండా ఇతర పక్షాలవారినీ కలుపుకున్నారు. వేలాది కుటుంబాలు ముందుగానే సొమ్ము చెల్లించినవి. ఋణమిచ్చేవారికి అంతకు మించిన హామీ ఏముంటుంది?

2000లో పని ప్రారంభమైనది. కాలువల నిర్మాణం హైదరాబాదు కేంద్రంగా పనిచేసిన ఐ.వి.ఆర్.సి.ఎల్. సంస్థ చేపట్టినది, అంటే ఆలందూరు పాతాళంలో తెలుగునాటి చేయి కూడా ఉన్నదన్నమాట. సుమారు 120 కిలోమీటర్ల పొడవున గొట్టాలు పరచినారు. మురుగు వాలు వెంట దానంతటదే పారి పంపింగు కేంద్రానికి చేరుతుంది. అక్కడి నుండి యంత్రాలు దానిని పెరుంగుడిలోని శుద్ధి కేంద్రానికి నెడతాయి. ఆ కేంద్రాన్ని ప్రైవేటు పెట్టుబడితో కట్టి, కొంతకాలం నడిపి, తిరిగి అప్పగించే ఒప్పందం చేసుకున్నారు. మన దేశంలో ఒక పురపాలక సంఘం ఇటువంటి పద్ధతిలో మురుగు పథకం చేపట్టిన తొలి ఉదాహరణలలో ఇది ఒకటి.

2001లో రాష్ట్రంలో ప్రభుత్వం మారినది. ఛైర్మన్‌ది ఒక పార్టీ, ప్రభుత్వానిది దాని ప్రత్యర్థి పార్టీ. ఎన్నో పథకాలు ఇటువంటి మలుపులోనే కొండెక్కుతాయి. ఇది మాత్రం ఆగలేదు. వేలాది ఇళ్లవారి సొమ్ము అప్పటికే భూమిలో ఉన్నది. 2003లో కనెక్షన్లు మొదలైనవి.

భాషాంతరీకరణ వృత్తిగా ఉన్నవారికి ఇక్కడ ఒక చిన్న ముచ్చట తగులుతుంది. భూగర్భ మురుగు కాలువను తమిళులు 'పాదాళ సాక్కడై' అంటారు. పాదాళమంటే మన పాతాళమే. మన కార్యాలయాల తెలుగులో 'భూగర్భ మురుగునీటి పారుదల వ్యవస్థ' అని నాలుగు మాటలు పేర్చినా రాని బొమ్మ ఈ రెండు మాటలలో కట్టెదుట నిలుస్తుంది. ఆ పాతాళంలోకి మనిషి దిగరాదన్న ఎరుక కూడా ఆ మాటలో ధ్వనిస్తుంది. మురుగు కాలువలలోకి, సెప్టిక్ ట్యాంకులలోకి ప్రాణాపాయ స్థితిలో మనుషులను దింపడాన్ని 2013 నాటి చట్టం నిషేధించినది. గొట్టం వేయడంతో పురపాలన పూర్తికాదు. దానిని శుభ్రపరిచేవాని ప్రాణం కాపాడినప్పుడే పూర్తవుతుంది.

ఆలందూరును చూచి ఇతర పట్టణాలూ ముందస్తు ధరావతు పద్ధతిని పరిశీలించినవి. సొమ్ము వసూలు చేయడాన్ని అనుకరించవచ్చు. చెల్లించినవాని గుమ్మం ముందు నిలబడి లెక్క చెప్పే అలవాటును మాత్రం ఎవరికి వారు నేర్చుకోవలసినదే.

2011లో చెన్నై కార్పొరేషను పరిధిని విస్తరించినప్పుడు ఆలందూరు పురపాలక సంఘం అందులో కలిసిపోయినది. ఆ పేరు ఇప్పుడు ఒక మండలానికి మిగిలినది. ఐదు వేలు కట్టించుకున్న సంఘం లేదు. ఇంటింటికీ తిరిగిన ఆ కౌన్సిలు లేదు. ఆ సొమ్ముతో పరచిన గొట్టాలు ఉన్నవి. పరంగిమలై దిగి నంగనల్లూరు వీధులలో నడిచేవారికి, దారి నడుమ గుండ్రని ఇనుప మూతలు వరుసగా కనిపిస్తాయి. వాటిమీద ఎవరి పేరూ లేదు.