ట్రేల మరకలు, యాసిడ్డు, మన డ్రెయిన్లు

వరిలో 2,4-డి కొట్టిన ట్యాంకుని సరిగ్గా కడక్కుండా మిర్చికి మందు కొడితే ఆకు ముడుచుకుపోద్ది. అందుకే కలుపుమందుకి ట్యాంకు వేరే పెట్టుకుంటాం. ఫోటోలు కడిగే డార్క్‌రూమ్‌లోనూ అదే లెక్క. డెవలపర్ ట్రే, హైపో ట్రే ఎప్పుడూ మారకూడదు.

తెనాలిలో మా బావ స్టూడియో డిజిటల్ వచ్చాక మూతపడింది. ఈమధ్య మేనల్లుడు ఫిల్మ్ కెమెరా పట్టి, అటక మీది ట్రేలు దించాడు. అన్నీ గోధుమరంగు. "బ్లీచింగ్ పౌడర్లో బాత్‌రూమ్ యాసిడ్ పోసి తోమేస్తా మామయ్యా" అన్నాడు. వద్దన్నాను. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుద్ది. గాలాడని గదిలో ప్రాణాల మీదకొస్తది.

ముందు మరక ఏదో చూడాలి. తెల్లటి పొరైతే నీళ్ళలోని సున్నం. లీటరు వేడినీళ్ళలో రెండు చెంచాల నిమ్మఉప్పు వేసి రాత్రంతా ఉంచితే వదులుద్ది. గోధుమరంగు డెవలపర్ గాలికి మారి పట్టినది, కొంత వెండి కూడా. దానికి కోడాక్ వాళ్ళ పాత లెక్క ఒకటుంది: లీటరు నీళ్ళకి పొటాషియం పర్మాంగనేట్ 2 గ్రాములు, గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్ 4 మిల్లీలీటర్లు. కాసేపుంచి, కడిగి, తర్వాత లీటరుకి 30 గ్రాముల సోడియం బైసల్ఫైట్, 30 గ్రాముల సోడియం సల్ఫైట్ కలిపిన నీళ్ళు పోస్తే పర్మాంగనేట్ మరక కూడా పోద్ది.

పర్మాంగనేట్ అంటే రేపల్లె వైపు చేపల చెరువుల వాళ్ళకి తెలిసిన ఊదా పలుకులే. కానీ దాంట్లో బాత్‌రూమ్ యాసిడ్ పోయబోకండి, మళ్ళీ క్లోరినే. ఎప్పుడూ నీళ్ళలోకే యాసిడ్ పోయాలి, యాసిడ్‌లోకి నీళ్ళు కాదు. చేతికి గ్లౌజులు, కళ్ళకి అద్దాలు, పని ఆరుబయట. డైక్రోమేట్ కలిపే పాత లెక్క ఇంకోటుంది, దాని జోలికెళ్ళకండి. అది కేన్సర్ కారకం.

నిజానికి శుభ్రంగా కడిగిన ట్రేకి మరకున్నా ఫోటోకి నష్టం లేదు. నష్టమల్లా మనం పారబోసే నీళ్ళతోనే. వాడిన హైపోలో వెండి ఉంటది, అది కొంచెమైనా చేపలకి విషం. క్యాన్లో పోసి, ఎక్స్‌రే ఫిల్ముల్లోంచి వెండి తీసేవాళ్ళకి ఇచ్చెయ్యొచ్చు. పర్మాంగనేట్ నీళ్ళలో బైసల్ఫైట్ కొద్దికొద్దిగా వేసి రంగు విరిచి, పొంగు ఆగేదాకా వంటసోడా కలపాలి. మన డెల్టాలో పై ఊరి మురుగు కింద ఊళ్ళ డ్రెయిన్లు దాటుకుంటూనే బాపట్ల తీరానికి చేరుద్ది. ఆ దారి పొడుగునా చెరువులున్నాయి, గేదెలు తాగే నీళ్ళున్నాయి.