షటాక్వా సరస్సు నొడ్డున

న్యూయార్కు అనగానే మనకు ఆకాశము నంటు మేడలును, సముద్రములో దివిటీ పట్టుకొని నిలిచిన స్త్రీవిగ్రహమును స్ఫురించుట సహజము. కాని న్యూయార్కు నగరము వేరు, న్యూయార్కు రాష్ట్రము వేరు. ఆ రాష్ట్రమునకు నైరుతి మూలను, ఈరీ మహాసరస్సునకు పది మైళ్ళ లోపుననే, కొండలమీద నొక చిన్న సరస్సు కలదు. పొడవు 17 మైళ్ళు. సముద్రమట్టమునకు 1300 అడుగుల యెత్తున నున్నది. పేరు షటాక్వా. అది ఆ దేశపు ఆదిమవాసుల మాట. నడుమ త్రాటితో బిగించిన సంచి యని దాని కర్థమని కొందరందురు. పటములో చూచిన సరస్సు నిజముగనే నడుమ సన్నగిలి సంచివలె నగపడును. ఇంకొక వింత యున్నది. ఏడువందల యడుగుల దిగువను ఈరీ సరస్సు ఎదురుచూచుచుండగా దీని నీరు ఆ వైపునకు పోనే పోదు. దక్షిణముగా చిన్న చిన్న యేరులలో బడి, ఒహాయో నదిలో కలిసి, పిదప మిసిసిపిలో చేరి, దేశమంతయు దాటి మెక్సికో సింధుశాఖలో బడును. పొరుగింటి చుట్టమును కాదని పొరుగూరి చుట్టమును వెదకికొని పోయినట్లున్నది దాని నడక.

మా అమ్మాయి కాపురమున్న బఫెలో నగరమునుండి అచ్చటికి కారులో గంటన్నర ప్రయాణము. ఈరీ తీరపు ద్రాక్షతోటలు దాటి కొండ యెక్కినంతనే గాలి చల్లబడును. సరస్సునకు పడమటి గట్టున కంచె, ద్వారము, టిక్కెట్లిచ్చు చోటు కానవచ్చును. లోపల నున్నది ఊరు. ఆ ఊరే యొక సమాజము. వేసవిలో తొమ్మిది వారములు మాత్రమే అది నిండుగ నుండును. ఆ దినములలో ఏనాడు చూచినను ఏడువేలకు తక్కువగాక జనముందురు. మంచు కురియు కాలమున కొలది వందలమంది మాత్రమే మిగులుదురు. వీధులలో కార్లు తిరుగుట మిక్కిలి తక్కువ. ఇండ్లు కొయ్యవి, ఒకదాని నొకటి రాచుకొనునంత దగ్గరగ నుండును. ప్రతి యింటికి వసారా, వసారాలో ఊగుడు కుర్చీలు, పూలకుండీలు. దారిని పోవువారిని వసారాలోనివారు పలుకరించుట అచ్చటి మర్యాద. మన పల్లెలలో అరుగుల మీద కూర్చుండు అలవాటు గుర్తు వచ్చి నాకు మనసు కుదుటబడినది.

ఈ ఊరు 1874 ఆగష్టులో రెండు వారముల సభగా పుట్టినది. కోతయంత్రములు చేయించి ధనము గడించిన లూయీ మిల్లరును, మెథడిస్టు మతబోధకుడగు జాన్ హేల్ విన్సెంటును ఆదివారపు బడుల ఉపాధ్యాయులకు శిక్షణ మిప్పింపనెంచి వారిని ఇచ్చటి చెట్ల క్రింద సమావేశపరచిరి. పాఠము చెప్పుటకై ఒడ్డుననే పాలస్తీనా దేశపు నమూనాను మట్టితో, రాళ్ళతో కట్టిరి. కొండలు, ఊళ్ళు, జోర్డాను నది యన్నియు నందున్నవి. సరస్సే మధ్యధరా సముద్రము! కాని ఆ సముద్రము పాలస్తీనాకు పడమట నుండవలె. ఇచ్చటి సరస్సు తూర్పున నున్నది. కావున నమూనాలో దిక్కులు తారుమారైనవి. నేటికిని పిల్లలు ఆ కొండలెక్కి దిగుచున్నారు.

ఆ మొదటి వేసవిలోనే ఇచ్చట మరియొక కార్యమునకు బీజము పడినది. ఆ యేటి చలికాలమున ఒహాయో మొదలగు రాష్ట్రములలో స్త్రీలు సారాయి దుకాణముల యెదుట నిలిచి ప్రార్థనలు చేసి వానిని మూయించుచు వచ్చిరి. అట్టివారిలో కొందరు ఈ సభకు వచ్చి, తమ ఊరి ప్రయత్నము తమ ఊరితో పోరాదని, దేశమున కంతకు నొక సంఘము కావలెనని నిశ్చయించుకొనిరి. నవంబరులో క్లీవ్లండు నగరమున ఆ మద్యనిషేధ స్త్రీసంఘము వెలసినది.

నాకన్నిటికంటె మనసున నాటుకొన్నది చదువరుల మండలి కథ. 1878లో విన్సెంటు ఒక ఏర్పాటు చేసెను. కాలేజీకి పోజాలనివారు ఇంటనే కూర్చుండి నాలుగేండ్లు క్రమముగా చరిత్రము, సాహిత్యము, ప్రకృతిశాస్త్రము చదువవలెను. ప్రశ్నలకు సమాధానములు వ్రాసి పంపవలెను. నాలుగేండ్లు పూర్తిచేసినవారికి పట్టము. మొదటి యేడే ఎనిమిదివేలకు పైగా పేర్లు వచ్చినవి. అందధికులు స్త్రీలు. పొలము పనియు, పాలు పితుకుటయు, పదిమందికి వంటయు ముగిసిన పిదప దీపము ముందర పుస్తకము విప్పిన యిల్లాండ్రు వారు. ఊరూర ఐదుగురో పదుగురో చేరి, వారమున కొకసారి ఒకరి యింట కూడి, చదివిన దానిని చర్చించుకొనెడివారు. జీతగాండ్రగు ఉపాధ్యాయులు లేరు, ఒకరి కొకరే ఉపాధ్యాయులు. ఈ వేలమందితో ఉత్తరప్రత్యుత్తరములు నడపిన కార్యదర్శి కేట్ కింబల్ ఆ పనిలో చేరునప్పటికి పదునెనిమిదేండ్ల పిల్ల. 1917లో కన్నుమూయువరకు ఆమె ఆ పని విడువలేదు.

1882లో మొదటి తరగతివారు పట్టములందిరి. అందులకై ఒక ఆచారము పెట్టిరి. బంగరు ద్వారమని పేరుగల చిన్న ద్వార మొకటి కలదు. అది యేడాది కొక్కసారే తెరువబడును. చదువు ముగించినవారు మాత్రమే దానిగుండ పోవుదురు. చిన్న బాలికలు బుట్టలతో పూలు తెచ్చి వారి త్రోవలో చల్లుదురు. ప్రతి తరగతికిని పేరు, పువ్వు, నినాదము, పట్టుగుడ్డ పతాకము ఉండును. ఈ ఆచారము నేటికిని సాగుచున్నది. నూరేండ్లు దాటిన పతాకములను భద్రపరచుట, పాతబడి చినిగిన పట్టును సంరక్షించుట, చూడవచ్చినవారికి వాని కథ చెప్పుట ఆ మండలి సభ్యులు తమ పనిగా పెట్టుకొనిరి. నాకు వానిని చూపిన వృద్ధురాలు నలుబది వేసవులుగా వచ్చుచున్నదట. ఏ పతాకము ఏ యేటిదో పుస్తకము చూడక చెప్పినది. జీతమెంత యని యడుగబోయి నాలుక కరచుకొంటిని.

ఇచ్చటి స్త్రీసమాజము 1889లో నేర్పడినది. వోటు హక్కును గూర్చి విన్సెంటు సుముఖుడు కాడు. అయినను 1890 తరువాతి యేండ్లలో సూసన్ ఆంథొనీ వంటివారు ఇచ్చటి వేదిక నెక్కి వోటును గూర్చి మాటాడిరి. 1917 నుండి 1938 వరకు ఈ సమాజమునకు అధ్యక్షురాలు టెక్సస్ రాష్ట్రమునుండి వచ్చిన ఆనా పెన్నీబాకరమ్మ. చిన్ననాడు బడిపంతులమ్మ, తాను వ్రాసిన చరిత్ర పుస్తకము తానే అచ్చువేయించుకొన్న గట్టి మనిషి. ఎలినార్ రూజ్వెల్టు ఆమెకు స్నేహితురాలు; ఈ ఊరికి పలుమారులు వచ్చినది. సరస్సున కెదురుగ నున్న సమాజపు తెల్లని భవనము ఆమె కాలమునాటిదే.

ఆ కాలముననే ఊరికి గండము వచ్చినది. 1920 తరువాత కొత్త కట్టడములకై చేసిన అప్పులుండగా 1929లో దేశమున ఆర్థికమాంద్యము పుట్టెను. చేతిలో డబ్బాడనివారు వేసవి విహారములకు వచ్చుట మానిరి. 1933లో సంస్థ దివాలా స్థితికి చేరి న్యాయస్థానము నియమించిన రిసీవరు చేతిలోనికి పోయెను. లక్షల డాలర్ల ఋణము. ఒడ్డున నున్న స్థలములకు గిరాకి యున్నది గనుక ముక్కలుగా అమ్మివేసిన కథ ముగియవలసినదే. కాని సభ్యులు పట్టు విడువలేదు. ఇల్లిల్లు తిరిగి చందాలు దండిరి. చదువరుల మండలి పాత పట్టభద్రులకు దూరదేశములకు సైతము జాబులు వ్రాసిరి. స్త్రీసమాజమువారు తమవంతు ధనము ప్రోగుచేసిరి. ధనికుల పెద్ద కానుకలును లేకపోలేదు; అవి లేనిదే లెక్క తేలెడిది కాదు. 1936 నాటికి ఋణము తీరినది. ఆ ఆగష్టులోనే అధ్యక్షుడు రూజ్వెల్టు ఇచ్చటికి వచ్చి యుద్ధమును తానెంత అసహ్యించుకొనునో చెప్పిన ప్రసంగము చేసెను.

నేడు స్త్రీసమాజము వారికి ఒక పాతసామానుల అంగడి కలదు. ఇండ్లలో మిగిలిన చీనాపాత్రలు, టోపీలు, దీపపు గుడ్డీలు, బొమ్మలు అందరును తెచ్చి యిత్తురు. సభ్యురాండ్రే వంతులవారీగ నిలిచి వెలకట్టి అమ్ముదురు. వచ్చిన డబ్బు సంగీతము, నృత్యము, చిత్రలేఖనము నేర్వవచ్చిన బీద విద్యార్థుల జీతములకు పోవును. నేను రెండు గాజుగిన్నెలు బేరమాడితిని. అమ్మునామె ఇసుమంతయు తగ్గలేదు. డబ్బు తనది కాదు గనుక తగ్గించు హక్కు తనకు లేదన్నది. న్యాయమే.

పక్షులకు, చెట్లకు, తోటలకు వేరుగ నొక క్లబ్బు 1913 నుండి యున్నది. లూయీ మిల్లరు కుమార్తె, శాస్త్రజ్ఞుడు ఎడిసను భార్య, మైనా ఎడిసను దానికి అధ్యక్షురాలుగ నుండి మిక్కిలి పాటుపడినది. ఒడ్డున పొడవైన స్తంభములమీద పావురాల గూండ్లవంటి చిన్న యిండ్లు చూచితిని. అవి వానకోయిల జాతికి చెందిన పర్పుల్ మార్టిన్ అను పక్షులవి. అమెరికా తూర్పుభాగమున ఈ పక్షులు ఇంచుమించుగ మనుష్యులు కట్టియిచ్చిన గూళ్ళలోనే పిల్లలను పెట్టునట. చలికాలమున దక్షిణ అమెరికాకు పోయి, వసంతమున తిరిగి వచ్చును. సేవకులు త్రాటితో గూండ్లను దింపి, గ్రుడ్లు, పిల్లలు లెక్కపెట్టి, పురుగు పట్టిన గూటిగడ్డిని మార్చి మరల పైకెత్తుదురు. తల్లిపక్షి చుట్టును తిరుగుచు అరచునే కాని పారిపోదు.

సరస్సునకు జబ్బు చేసినది. పచ్చికబయళ్ళ ఎరువులు, మురుగు, పొలముల మట్టి చేర్చిన భాస్వరమువలన వేసవి చివర నీలిపచ్చని నాచు తెట్టుకట్టును. ఆ నీరు విషతుల్యము కావచ్చును గనుక ఒక్కొక దినము స్నానఘట్టములను మూయుదురు. తోటల క్లబ్బువారు ఒడ్డున నున్నగ కోసిన పచ్చిక తీసివేసి లోతువేళ్ళ మొక్కలు నాటుడని ఇంటింటికి చెప్పుచున్నారు. వాననీరు మెల్లగ ఇంకుటకు పల్లపు తోటలు వేయించుచున్నారు. పచ్చిక యనిన అమెరికా గృహస్థునకు ఎంత మమకారమో ఎరిగినవారికి ఇది ఎంత కష్టమైన పనియో తెలియును.

నడుమ నొక పెద్ద సభాస్థలము కలదు. పైకప్పుండి ప్రక్కలు తెరచియున్న ఈ మండపము మొదట 1893లో కట్టబడినది. దానిని పడగొట్టి 2017లో క్రొత్తది తెరచిరి. నాలుగువేలమందికి పైగా కూర్చుండవచ్చును. కాంగ్రెసు మహాసభలలో మనము వాలంటీర్లని పిలిచినవారివంటివారు ద్వారములవద్ద నిలిచి కాగితములు పంచి, ముసలివారిని చేయిపట్టి కూర్చుండబెట్టుదురు. ఆదివారము పాడు గాయకబృందములో గూడ వేసవికి వచ్చినవారే ఎందరో. 2022 ఆగష్టు 12వ తేదీన ఈ వేదికమీదనే, దేశమును విడువవలసివచ్చిన రచయితలకు ఆశ్రయమిచ్చుటను గూర్చి మాటాడవచ్చిన సల్మాన్ రష్దీని ఒక యువకుడు కత్తితో పొడిచెను. రష్దీ బ్రతికెను, కాని ఒక కన్ను పోయినది. దోషికి 2025లో ఇరువదియైదేండ్ల శిక్ష పడినది. ఆ క్షణమున శ్రోతలే వేదిక మీదికి ఉరికి దుండగుని పట్టుకొనిరి. సభలో నున్న వైద్యులు గాయములను చేతులతో అదిమిపట్టిరి. అటుపిమ్మట ప్రవేశమునకు కట్టుబాట్లు పెరిగినవి.

ఒక్కమాట చెప్పక తప్పదు. ద్వారమువద్ద ఇచ్చు రుసుము స్వల్పము కాదు. ఇండ్ల వెలలు సామాన్యుల కందవు. ఆదివారము మాత్రము ఉచితము. సేవచేయుటకు మనసుతోబాటు తీరిక కావలెను, తీరికకు డబ్బు కావలెను. హోటళ్ళలో పక్కలు పరచువారికిని, వంటయిండ్లలో గిన్నెలు తోమువారికిని ప్రసంగముల వేళకు పని తప్పదు. సభ్యులలో తలలు నెరసినవారే హెచ్చుగ నగపడిరి. పతాకములు మోయుటకు పడుచు చేతులు కావలెనని వారిలో వారే అనుకొనుచుండగా విన్నాను.

ఆగష్టు మొదటి మంగళవారపు రాత్రి సంస్థకు పుట్టినరోజు పండుగ. మండపము నిండిపోయినది. పదియేండ్లుగా వచ్చువారు, ఇరువదియేండ్లవారు, ఏబదియేండ్లవారని పిలువగా వరుసగ లేచి నిలిచిరి. తరువాత మూడు తరములవారు, నాలుగు తరములవారు. పిదప చేతిరుమాళ్ళు తీసిరి. 1877లో చెవిటివాడగు నొక వక్తకు చప్పట్లు వినబడవు గదా యని విన్సెంటు తెల్లని రుమాళ్ళు ఊపించెనట. నాటినుండి అది వీరి గౌరవవందనమైనది. ఈ రాత్రి మాత్రము ఊపలేదు. ఆ యేడు గతించినవారి జ్ఞాపకార్థము వేలమంది రుమాళ్ళు పైకెత్తి, కొంతసేపు నిలిపి, మెల్లమెల్లగ దించిరి. కలువలు వాలుట యని దీనికి పేరు. మా ముందు వరుసలోని యామె దించిన రుమాలు మడచి సంచిలో పెట్టుకొని, చందాల బుట్ట తీసికొని మావైపునకు వచ్చినది.