కొల్లేటికి ఏ ఋతువున పోవలెను?

జలపాతమును చూడగోరువానికి ఋతువు నెంచుకొనుట అంత కష్టమైన పని కాదు. ఆదిలాబాదు జిల్లాలో కడెము నదిపైనున్న కుంతాల జలపాతము వేసవిలో సన్నని ధారలుగా మిగులును. వానలు ముదిరినపుడు భయంకరముగా ఉరుకును. దరినున్న రాళ్లపై కాలు నిలువదు. వానలు వెనుకపట్టిన పిమ్మట నీరు నిండుగను, దారి సుగమముగను ఉండును. కావున శరదృతువున పోవుట మేలు. కాని ఎత్తునుండి దూకక పల్లమున నిలిచియుండు నీటిని చూడబోవువానికి తగిన కాల మేది? కొల్లేటి సరస్సు విషయమున ఈ ప్రశ్న ఏలూరులోని ఒక పాఠశాలలో పెద్ద వాదమునకు దారితీసెను.

ఆ పాఠశాలలో ఎనిమిదవ తరగతి పిల్లలను కొల్లేటికి విహారయాత్రకు తీసికొనిపోవలెనని ఉపాధ్యాయుడు సంకల్పించెను. "ఎప్పుడు పోదము?" అని వారినే అడిగెను. వేసవి సెలవులలో పోదమని కొందరనిరి. దసరా సెలవులలో నైనచో సరస్సు నిండియుండునని మరికొందరు వాదించిరి. పక్షులను చూడవలెనన్నచో సంక్రాంతి దినములే మంచివని తక్కినవారు పట్టుపట్టిరి. ఉపాధ్యాయుడు తీర్పు చెప్పలేదు. మూడు పక్షముల నుండి ఒక్కొక్కరిని వెంటబెట్టుకొని, కొల్లేటి ఒడ్డునున్న ఒక లంకగ్రామమునకు పోయి, అచ్చట ఒక వృద్ధ జాలరిని కలిసికొనెను.

ముసలివాడు వల బాగుచేసికొనుచుండెను. ప్రశ్న విని తల యెత్తి, "మంచికాలం ఎవరికి బాబూ? మీకా, పిట్టలకా, మాకా?" అనెను.

పిల్లలకు ఏమి చెప్పుటకును తోచలేదు. అప్పుడాతడు సంవత్సరమంతయు వివరించెను. కొల్లేరు కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ పళ్లెమువలె పల్లముగా నున్నది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మొదలగు ఏళ్లును, పెక్కు కాలువలును దానికి నీరు తెచ్చును. ఆ నీటిని సముద్రమునకు తీసికొనిపోవునది మాత్రము ఉప్పుటేరు ఒక్కటియే. దాని పొడవు సుమారు 60 కిలోమీటర్లు. వచ్చు దారులు పెక్కు, పోవు దారి ఒకటి. అందుచే వానలు పడినపుడు సరస్సు పొంగి లంకలను ముంచెత్తును. వేసవిలో నీరు తగ్గి నేల బయటపడును. ఉప్పుటేటి వెంట సముద్రపు ఉప్పునీరు పైకి ఎగదట్టును.

"మృగశిర కార్తెలో వాన మొదలవుతుంది. శ్రావణ భాద్రపదాల్లో నీళ్లు మా గుమ్మం దాకా వస్తాయి. అప్పుడు మాకు కష్టమే. కాని ఆ కొత్తనీరు రాకపోతే చేప గుడ్డు పెట్టదు. చేప లేకపోతే పిట్ట రాదు. మీరు సంక్రాంతికి చూసేదంతా వానల్లో తయారైందే బాబూ!" అని ముసలివాడు ముగించెను.

వేసవి పక్షమువాడు అచ్చటనే ఓటమి నొప్పుకొనెను. యాత్ర పుష్యమాసమున జరుగవలెనని నిశ్చయమయ్యెను.

ఆ దినము వచ్చెను. పిల్లలు తెల్లవారకమునుపే బయలుదేరి కైకలూరు చెంతనున్న ఆటపాకకు చేరిరి. పలుచని మంచు తెరలో నీటిపై నిలిచిన చెట్లును, అటవీశాఖవారు నాటిన ఇనుప మంచెలును గూళ్లతో క్రిక్కిరిసియుండెను. వానిపై గూడబాతులును, ఎర్రకాళ్ల కొంగలును కొలువుదీరియుండెను. రైతులు పొలమునకు నీరు తోడు గూడను తలపించు సంచి గూడబాతు ముక్కు క్రింద వ్రేలాడును. ఈ పక్షులు సైబీరియానుండి వచ్చునని పలువురు చెప్పుకొందురు. అది పొరపాటు. గూడబాతు మన దేశపు పక్షియే. ఉత్తరపు చలికి తాళలేక హిమాలయములు దాటి వచ్చునవి సూదితోక బాతుల వంటి ఇతర జాతులు.

ఇంతలో ఒక బాలుడు, పక్షులన్నియు ఒక్కమారు ఎగిరినచో ఎంత శోభగా నుండునో యని, రెండు చేతులును గట్టిగా చరచెను. వందలకొలది రెక్కలు ఒక్కసారి విప్పుకొనెను. పిల్లలు ఆనందముతో కేకలు వేసిరి. కాని గూళ్లు విడువబడిన ఆ కొద్ది క్షణములలోనే కాకులు వచ్చి వ్రాలెను. ఒక కాకి గ్రుడ్డు నొకదానిని పొడిచి పట్టుకొనిపోయెను. తల్లి పక్షి తిరిగివచ్చి ఆ గూటి అంచున నిలిచెను. కేకలు ఆగిపోయెను. చప్పట్లు కొట్టిన బాలుడు తన అరచేతులను చూచుకొని తల వంచుకొనెను.

ఉపాధ్యాయుడు వానిని మందలింపలేదు. తిరుగుదారిలో అందరికిని ఒక సంగతి చెప్పెను. 1946లో కె.కె. నీలకంఠన్ అను పక్షిశాస్త్రజ్ఞుడు పశ్చిమ గోదావరి జిల్లాలోని ఆరేడు గ్రామమున గూడబాతుల పెద్ద కాలనీని కనుగొనెను. కొన్ని దశాబ్దములకే అది అంతరించెను. పిమ్మట కొల్లేటిలో చేపల చెరువుల గట్లు పెరిగి నీటి దారులు మూసికొనిపోయెను. ప్రభుత్వము 1999లో దీనిని వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటించెను. 2002లో ఇది రాంసార్ ఒడంబడిక జాబితాలో చేరెను. 2006లో చెరువుల గట్లు పెక్కింటిని తెగగొట్టించిరి. ఆ చెరువులనే నమ్ముకొన్న కుటుంబములకు అది తీరని కష్టమును కలిగించెను. పక్షికి నీరు, మనుష్యునికి అన్నము, రెండును దొరకు మార్గమును వెదకుట సులభము కాదు. అయినను వెదకక తప్పదు.

ఆ తరువాతి వర్షాకాలమున, ఒక సాయంకాలము తమ్మిలేరు ఎర్రని నీటితో ఒడ్డులొరసి పారుచుండెను. వంతెనపై నిలిచి పలువురు ఆ నీటిని చూచి భయపడుచుండిరి. వారిలో చప్పట్లు కొట్టిన బాలుడును ఉండెను. ప్రక్కనున్న మిత్రుడు, "ఈ నీరంతయు ఎక్కడికి పోవును?" అని అడిగెను.

"కొల్లేటికి. గూడబాతులకు సంక్రాంతి భోజనము ఇప్పుడే సిద్ధమగుచున్నది," అని వాడు బదులు చెప్పెను.

కొల్లేటిని చూచుటకు హేమంత శిశిరములే అనువైన కాలము, సందేహము లేదు. కాని అది పక్షులు పిల్లలను పెంచుకొను కాలము కూడ. పసిబిడ్డ నిదురించు ఇంటికి పోవు అతిథి ఎట్లు నడచుకొనునో అట్లు పోవలెను. దూరమున నిలువవలెను, చప్పుడు చేయరాదు. అట్లు పోవువానికి కొల్లేరు తన సంపద నంతయు చూపును.